మంచి గొంతున్న కవరు

ఆ కవరుకి మంచి గొంతుందని చప్పుళ్ళ మాస్టారు దాన్ని మూడు వారాలపాటు సొరుగులో దాచాడు.

రేడియో నిలయంలో నాటకాలకి చప్పుళ్ళు చేసేది ఆయనే. తలుపు తీసిన చప్పుడు, గుర్రం వచ్చిన చప్పుడు, వాన, ఉరుము, ముద్దు, అన్నీ ఆయన చేతుల్లోంచే రావాలి. ముద్దు మాత్రం అందరినీ అటు తిరగమని చెప్పి తన మోచేతికి తనే పెట్టుకునేవాడు. ఉరుముకి రేకుముక్కతో, గుర్రానికి టెంకాయ చిప్పలతో సరిపెట్టుకునే మనిషి, ఉత్తరం దగ్గర మాత్రం రాజీపడేవాడు కాదు. మామూలు కాగితం చింపి కవరు చింపినట్టు నమ్మించడం ఆయన దృష్టిలో దొంగతనం. కవరు అంటించి ఉండాలి, లోపల నిజంగా ఉత్తరం ఉండాలి, దాన్ని వేషం వేస్తున్న మనిషే మైకు ముందు చింపాలి. చింపే చేతికీ పీల్చే ఊపిరికీ పొత్తు కుదరాలంటే అదొక్కటే దారి అనేవాడు.

"చిరిగిన కవరు మళ్ళీ చిరగదు. అందుకే రిహార్సల్లో ముట్టుకోనివ్వను. కొన్ని పనులు మనిషి ఒక్కసారే చెయ్యాలి."

"పెళ్ళిలాగానా మాస్టారూ?"

"కాదు, నీ జోకులాగా."

ఆ జోకు వేసింది పెదనాన్న. అంటే 'పెద్దమ్మగారి గుమ్మం' నాటకంలో పెద్దమ్మగారి మొగుడి వేషం వేసే లావుపాటి నటుడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటి నుంచి రెండున్నర దాకా ఆ నాటకం. ఆ అరగంటా వీధులు ఖాళీగా ఉండేవి.

మరి వారం వారం అంటించిన కవర్లు ఎక్కణ్నుంచి వస్తాయి? శ్రోతలు పెద్దమ్మగారికి రాసే ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చేవి. మాస్టారు వాటిని ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని వేలితో మీటేవాడు. పలచటివి మామూలు కబుర్ల ఉత్తరాలకి. దిట్టమైనవి శుభవార్తలకీ చావుకబుర్లకీ. మైకు ముందు పెద్దమ్మగారు ఎవరో అభిమాని కవరు చింపి, నాటకంలో ఉన్న ఉత్తరం చదివి, అసలు ఉత్తరం సంచీలో వేసుకుని ఇంటికెళ్ళి తీరిగ్గా చదువుకునేది. రాసినవాళ్ళకి ఆ సంగతి తెలియదు. తమ కవరు చిరిగిన చప్పుడు ఊరంతా విన్నదని తెలిస్తే మురిసిపోయేవాళ్ళే.

పెద్దమ్మగారికి అప్పుడు ముప్ఫై ఎనిమిదేళ్ళు. పెద్దమ్మ అయినప్పుడు ఇరవై నాలుగు. తండ్రి వయసున్న గుమాస్తాలు కూడా ఆవిణ్ని పెద్దమ్మగారనే పిలిచేవాళ్ళు. అసలు పేరు జీతాల రిజిస్టర్లో ఉండేదంతే.

పదిహేడేళ్ళప్పుడు పిల్లల కార్యక్రమంలో కాకి వేషానికని ఆ మెట్లెక్కింది. కాకి తర్వాత పిల్లి, పిల్లి తర్వాత తొమ్మిదేళ్ళ పిల్లాడు, ఆ తర్వాత వరసగా నలుగురు చచ్చిపోయే భార్యలు. రేడియోలో పదకొండుసార్లు పెళ్ళయింది, బయట ఒక్కసారీ కాలేదు. విడి కాగితాల మీద నాటకం చదువుతూ, అయిపోయిన కాగితాన్ని చప్పుడు కాకుండా తివాచీ మీదికి జారవిడవడం నేర్చుకుంది. ఏడుపు రానప్పుడు నవ్వుని లోపలికి పీలిస్తే అదే ఏడుపవుతుందని నేర్చుకుంది. మైకుకి అంగుళం దూరంలో ప్రేమ, జానెడు దూరంలో కోపం, మూరెడు దూరం జరిగితే పొరుగూరు. ఈ కొలతలు ఎవరూ చెప్పలేదు, ఒంటికి పట్టాయి. ముందుగా చూడని కాగితం చేతిలో పెట్టినా తడబడకుండా, పుట్టినప్పటినుంచి అదే మాట్లాడుతున్నట్టు చదివేసేది. కంటికీ నోటికీ మధ్య మనసు అడ్డం రాకూడదు, అదే తన విద్య అనేది.

పెద్దమ్మ వేషం వచ్చిన రోజు ప్రొడ్యూసరుగారు అప్పటికే ముగ్గురు పెద్ద నటీమణుల చేత చదివించి పెదవి విరిచి ఉన్నాడు. గుమ్మంలో కూర్చుని వీధి మొత్తం కాపురాలు చక్కదిద్దే యాభై ఏళ్ళ ఆడమనిషి. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఈవిడ కాగితం అందుకుని నోరు తెరిచింది. తెరిస్తే అక్క గొంతు వచ్చింది.

అనుకుని చేసిన పని కాదు. ఆవిడకి నాలుగేళ్ళప్పుడు తల్లి పోతే, పద్నాలుగేళ్ళ అక్క చంకనెత్తుకుని పెంచింది. అన్నం తినమన్నదీ, అక్షరం దిద్దమన్నదీ, పడుకోమన్నదీ ఆ గొంతే. ఇంకో పెద్ద గొంతు ఆవిడకి తెలియదు. అక్క తర్వాత బడిపంతులమ్మ అయింది. రెండు మాటలు చిటుక్కున అనేసి మూడో మాట సాగదీసేది. తిట్టే ముందు సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు ఒక్క క్షణం ఆగేది. "అయితే ఇప్పుడేమంటావ్?" అనేది ఆవిడ ఊతపదం. ఏడాది తిరిగేసరికి ఆ ఊతపదం పెద్దమ్మగారిదై, అంగళ్ళలో బేరాలాడేవాళ్ళ నోళ్ళలో కూడా నానింది.

అక్క బడిలో పిల్లలు మొదట ముసిముసిగా నవ్వారు. తర్వాత వెనక బెంచీల నుంచి వంత పాడారు. ఆ పైన ఒకరోజు బడి చూడటానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు అక్క పాఠం చెప్పడం విని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, "అబ్బ, ఏం అనుకరిస్తున్నారండీ! అచ్చం రేడియో పెద్దమ్మగారే!" అన్నాడు.

ఆ వారమే కార్డు వచ్చింది. గుండ్రటి పంతులమ్మ రాత. "నా నోరు నాకు తిరిగిచ్చేదాకా నీ మొహం నాకు చూపించకు."

వేషం వదిలేద్దామనుకుంది. ఈ ఆదివారం అనుకుంది, వచ్చే ఆదివారం అనుకుంది. వదిలితే మళ్ళీ కాకి, పిల్లి, చచ్చిపోయే భార్యలు. ఒకసారి అక్క ఉండే ఊరికి వెళ్ళింది. తలుపు తియ్యలేదు. లోపల అక్క దగ్గిన చప్పుడు మాత్రం వినబడింది. ఆ తర్వాత అక్కకి ఎక్కడికో బదిలీ అయిందని తెలిసింది. అంతే, పదమూడేళ్ళు.

కానీ ఉత్తరాల కట్ట వచ్చిన ప్రతిసారీ మాస్టారికి ఇచ్చేముందు ఆవిడ తన చేత్తో ఒకసారి తిరగేసేది. ఎవరూ ఎందుకని అడగలేదు. ఆ గుండ్రటి రాత కోసం. చేతిరాత కవర్లన్నీ రెండేసి సార్లు చూసేది. టైపు కొట్టినవి చూడకుండానే మాస్టారి బల్ల మీదికి తోసేసేది.

మంచి గొంతున్న కవరు అలా తోసేసిన వాటిలోదే. మందపాటి గోధుమరంగు కాగితం, అంచులకి గట్టి బంక, టైపు కొట్టిన చిరునామా, వెనక పంపినవాళ్ళ పేరు లేదు.

"ఇది అల్లాటప్పా సీనుకి కాదు" అన్నాడు మాస్టారు, దాన్ని చెవి దగ్గర మీటి. "మేనకోడలి పెళ్ళి కుదిరిన ఉత్తరం వస్తుందిగా, దానికి."

"మాస్టారూ, మీ ఆవిడతో కూడా ఇంత మురిపెంగా మాట్లాడరు కదండీ" అన్నాడు పెదనాన్న.

"ఆవిడ చిరిగితే ఈ చప్పుడు రాదు."

*

ఆ ఆదివారం రెండూ పద్దెనిమిది నిమిషాలకి ఆ సీను వచ్చింది. ఎర్రదీపం వెలుగుతోంది. అద్దం అవతల ప్రొడ్యూసరుగారు చెయ్యెత్తి దించాడు. టేపులు ఇంకా అపురూపమైన రోజులవి. నాటకం ఆడుతుండగానే గాలిలోకి వెళ్ళిపోయేది. అన్న మాట అన్నదే, జారిన తప్పు జారిందే.

పెద్దమ్మగారు ఎడంచేతిలో నాటకం కాగితం పట్టుకుని, కుడిచేత్తో కవరు మైకు దగ్గరికి తెచ్చి, ఊపిరి పీల్చి చింపింది.

మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. మూడు వారాల నిరీక్షణకి తగ్గ చప్పుడే వచ్చింది.

ఉత్తరం మడత విప్పి నాటకం కాగితం పక్కన పట్టుకుంది. విప్పిన చప్పుడు కూడా శ్రోతలకి కావాలి. నాటకంలో చదవాల్సిన వాక్యం ఇది: "గురువారం పొద్దున పెళ్ళివారు వస్తున్నారు." ఆవిడ కన్ను 'గురువారం పొద్దున' దాకా సరిగానే వెళ్ళింది. కానీ పక్క కాగితంలో కూడా ఒక వరస 'గురువారం పొద్దున' అనే మొదలైంది. కన్ను ఒక కాగితం మీంచి రెండో కాగితం మీదికి జారింది. మనసు అడ్డం రాకూడదన్న విద్య ఆవిడది. నోరు తన పని తను చేసేసింది.

"గురువారం పొద్దున నా గొంతు తీసేస్తారు."

ఉల్లాసంగా చదివింది. పెళ్ళి కబురు చదవాల్సినంత ఉల్లాసంగా. చదివాక చూసింది. గుండ్రటి రాత. పైన తారీకు. ఇరవై అయిదు రోజుల కిందటిది.

తర్వాత ఆవిడ నోరు పెగల్లేదు. ఒకటి, రెండు, మూడు సెకన్లు. రేడియోలో నిశ్శబ్దానికి కొలత వేరు. నాలుగో సెకనుకి ఇళ్ళలో జనం పెట్టె నెత్తిన ఒకటి మొడతారు. అద్దం అవతల ప్రొడ్యూసరుగారు లేచి నిలబడ్డాడు.

పెదనాన్న ఆవిడ చేతిలోని కాగితం లాక్కున్నాడు.

"నా గొంతు కాదే, నాలుగు గుంతలు! 'గురువారం పొద్దున నాలుగు గుంతలు తీసేస్తారు.' పెళ్ళికి డేరా గుంజలు పాతాలంటే గుంతలు తియ్యొద్దూ? కళ్ళజోడు పెట్టుకోవే అంటే వినవు, వయసు తెలిసిపోతుందని!"

అద్దం అవతల మనిషి మళ్ళీ కూలబడ్డాడు. పెదనాన్న నవ్వుతూనే ఆవిడ మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఉన్నాడు. ఆ పట్టులో నవ్వు లేదు.

ఇంకా పదకొండు నిమిషాల నాటకం ఉంది.

ఆ పదకొండు నిమిషాలూ ఆవిడ పెద్దమ్మగా మాట్లాడింది. పెళ్ళివారికి మంచాలెన్ని కావాలో లెక్కపెట్టింది, ఎదురింటావిణ్ని దెప్పింది, మొగుణ్ని ఆటపట్టించింది. ఒక్క మాట తప్పలేదు. నోరు తెరిచినప్పుడల్లా అక్క గొంతు వస్తోంది. చిటుక్కున రెండు మాటలు, సాగదీసిన మూడోది. గురువారం వెళ్ళిపోయి ఇవాళ్టికి మూడు రోజులు. మనిషి ఒంట్లోంచి తీసేసిన గొంతు ఇక్కడ, ఈ గదిలో, తన పళ్ళ మధ్య నుంచి వస్తోంది. ఆ మాటలు తన నోట్లో చల్లగా తగిలాయని తర్వాత ఒకసారి పెదనాన్నతో అంది. "అయితే ఇప్పుడేమంటావ్?" దగ్గరికి వచ్చేసరికి మైకు స్తంభం గట్టిగా పట్టుకుంది. ఆ చప్పుడు రాకుండా మాస్టారు స్తంభం మొదట్లో తన పాదం ఆనించాడు.

ఎర్రదీపం ఆరింది.

"మెమో ఇస్తానండీ! గొంతు తియ్యడమేమిటి? ఊళ్ళో ఎంతమంది..." అంటూ ప్రొడ్యూసరుగారు దూసుకొచ్చాడు. పెదనాన్న ఉత్తరం ఆయన చేతిలో పెట్టాడు. ఆయన రెండు వరసలు చదివి, దాన్ని ఆవిడకి రెండు చేతులతో తిరిగిచ్చి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ మెమో ఎప్పటికీ రాలేదు.

పెద్దమ్మగారు గోడకి జారగిలబడి ఉత్తరం మొదటి నుంచి చదువుకుంది.

"చిన్నా,

ఇది మా బడి కవరు. చిరునామా గుమాస్తా చేత టైపు కొట్టించాను. నా రాత చూస్తే చింపకుండా పారేస్తావేమోనని.

గొంతులో పుండు. ఏడాదిగా బొంగురు పోతుంటే జలుబనుకున్నాను. స్వరపేటిక మొత్తం తీస్తేగాని ప్రాణం దక్కదట. మీ ఊరి పెద్దాసుపత్రిలోనే. పద్దెనిమిదో తారీకు

గురువారం పొద్దున నా గొంతు తీసేస్తారు. సోమవారమే వచ్చి చేరతాను.

ఈ లోపల నువ్వొకసారి వస్తే నోరారా నాలుగు తిట్లు తిడతాను. పద్నాలుగేళ్ళవి పోగుపడి ఉన్నాయి. కాగితం మీద తిట్టడం నాకు చేతకాదు, అక్షరదోషాలు చూసుకుంటూ కూర్చుంటాను. తిట్టడం అయ్యాక ఇంకో మాట ఉంది. అది కూడా నోటితో అనేదే.

రాకపోతే నీ ఇష్టం.

అక్క."

మాస్టారు కాస్త దూరంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ ఏదో ఒకటి మీటుతూ ఉండే చేతులు ఊరికే వేలాడుతున్నాయి.

"రోజూ చెవి దగ్గర పెట్టుకుని విన్నానమ్మా దాన్ని" అన్నాడు. "రోజూ విన్నాను."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. కోపం కోసం వెతుక్కుంది గానీ దొరకలేదు. టైపు కొట్టిన కవరుని బల్ల మీదికి తోసింది తన చెయ్యే.

"మీ తప్పు కాదు మాస్టారూ" అని అందామనుకుంది. నోరు తెరిచి మళ్ళీ మూసేసుకుంది. ఏ గొంతు వస్తుందో తెలియలేదు.

*

పెద్దాసుపత్రి అక్కడికి బస్సులో ఇరవై నిమిషాలు. సోమవారం నుంచి ఆదివారం దాకా ఏడు రోజులు. ఆ ఏడు రోజుల్లో ఆవిడ రెండుసార్లు ఆ ఆసుపత్రి గేటు ముందు నుంచే వెళ్ళింది. ఒకసారి చెప్పులు కుట్టించుకోడానికి.

మనిషి ఉందో లేదో కూడా ఉత్తరంలో లేదు. ఎలా ఉంటుంది? అది ఇరవై అయిదు రోజుల కిందటి కాగితం.

బస్సుల్లో ఆవిడ ఎప్పుడూ నోరు విప్పేది కాదు. విప్పితే చుట్టూ జనం మూగుతారు. ఆవేళ మరిచిపోయి కండక్టరుని "పెద్దాసుపత్రి దగ్గర ఆపుతారా?" అని అడిగింది. ముందు సీట్లోని ఆడమనిషి గిరుక్కున తిరిగింది.

"మీరు పెద్దమ్మగారు కదండీ! అయ్యో, ఇంత సన్నంగా ఉన్నారేమిటండీ! మావాళ్ళంతా మీరు లావనుకుంటున్నారు. ఇప్పుడే విని బయల్దేరాను. ఇంతకీ నాలుగు గుంతలేమిటండీ? నాకు గొంతనే వినబడింది."

"నాకూ అదే వినబడింది" అంది పెద్దమ్మగారు.

ఆ మనిషి ఇంకో ప్రశ్న అడగబోయి, ఆవిడ మొహం చూసి, బస్సు ఆగబోయే చోటు చూసి ఆగిపోయింది. "లేవండి, లేవండి, దారివ్వండి" అని అరుస్తూ తనే ముందు నడిచి ఆవిణ్ని మెట్ల దాకా తీసుకెళ్ళి దింపింది. పెద్దమ్మగారు ఆ మనిషి మొహం మళ్ళీ ఎన్నడూ గుర్తుతెచ్చుకోలేకపోయింది. వీపు మీద ఆనించిన అరచెయ్యి మాత్రం గుర్తుంది.

ఆసుపత్రి కౌంటరులో గుమాస్తా పెద్ద పుస్తకంలో వేలు పెట్టి కిందికి దించుకుంటూ వచ్చాడు. ఒక పేజీ అయింది. రెండో పేజీ తిప్పాడు. కొన్ని పేర్ల మీద ఎర్రగీత ఉంది. ఆ గీతలేమిటో ఆవిడ అడగలేదు. వేలు ఎర్రగీత దగ్గర ఆగినప్పుడల్లా ఆవిడ ఊపిరి కూడా ఆగింది.

"బడిపంతులమ్మగారేనా? మేడ మీద, కుడివైపు నాలుగో గది. మీరేమవుతారు?"

"చెల్లెల్ని."

"ఎవరూ లేరని రాయించారే ఇక్కడ" అన్నాడతను. తర్వాత, ఆ మాట అనకుండా ఉండాల్సిందని తోచిందో ఏమో, పుస్తకం తనవైపు తిప్పుకుని, "పోనీలెండి, దిద్దుతాను" అన్నాడు.

ఎనిమిది మంచాల గది. కిటికీ పక్క మంచం మీద అక్క దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది. ముక్కులోకి సన్నటి గొట్టం. మెడ చుట్టూ తెల్లటి కట్టు, కట్టు మధ్య ఒక చిన్న లోహపు గొట్టం. ఊపిరి అందులోంచి వస్తూ పోతూ బుస్సుమంటోంది. ఒళ్ళో పలక, చేతిలో బలపం.

పెద్దమ్మగారు గుమ్మంలోనే ఆగిపోయింది. చప్పుళ్ళతో బతికిన మనిషి. ఆ బుస్ చప్పుడు ఏ నాటకంలోనూ వినలేదు.

"వెళ్ళండమ్మా, భయపడకండి" అంది నర్సు, పక్కనుంచి. "ఆవిడ దగ్గితే నన్ను పిలవండి, చాలు. మూడోరోజుకే కూర్చుని అందరి మీదా పెత్తనం చేస్తోంది. మధ్యాహ్నం రేడియో పెట్టమని పలక మీద రాసి నా మొహం మీద పెట్టింది. కాదంటే ఒప్పుకోదుగా."

రేడియో గది మధ్యన గూట్లో ఉంది.

అక్క చెల్లెలివైపు చూసింది. ఆ చూపులో ఆశ్చర్యం లేదు. ఎప్పటినుంచో గుమ్మం వైపే చూస్తున్న చూపు అది. బలపం కదిలింది. పలక తిప్పి చూపించింది.

'చింపిన చప్పుడు విన్నాను.'

పెద్దమ్మగారు మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడింది. అక్క తుడిచి మళ్ళీ రాసింది. బలపం కీచుమంటోంది.

'మూడు వారాలు నువ్వు చదివే రాలేదనుకున్నా. ఇవాళ చింపావు. చింపి, నా వాక్యం చదివావు. అప్పుడు తెలిసింది.'

"అక్కా, నేను... ఆ కవరు..."

'ఉత్తరాలు దాచుకోడానికి అవేమన్నా విత్తనాలా?'

ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏది లోపలికి పీల్చాలో తెలియలేదు. పద్నాలుగేళ్ళ తిట్లు ఇలా పలక మీద, తప్పులు లేకుండా, గుండ్రంగా వస్తాయని ఊహించలేదు. అక్క మరో మూడు పలకలు నింపింది. తలుపు తియ్యని రోజు తనకి జ్వరమనీ, అయినా తియ్యకపోవడం తప్పేననీ ఒకటి. ఇన్‌స్పెక్టరు గాడిద అని ఒకటి. చెల్లెలు చిక్కిపోయిందని ఒకటి.

"ఇంకో మాట ఉందన్నావు" అంది పెద్దమ్మగారు చివరికి. "ఉత్తరంలో. తిట్టాక అనేది."

అక్క బలపం ఆపింది. లోహపు గొట్టం బుస్సుమంది. తర్వాత రాసింది.

'అది నోటితో అనేది.'

ఇప్పుడింక అనడానికి లేదు. గురువారం పొద్దున దాకా ఆ గొంతు ఉంది. సోమ, మంగళ, బుధ, మూడు రోజులు ఇక్కడే, ఇదే మంచం మీద ఉంది. అప్పటిదాకా తెలియని నష్టం పెద్దమ్మగారికి అప్పుడు తెలిసింది, పూర్తిగా.

పక్క మంచం మీది ముసలావిడ మోచేతి మీద లేచి, "పంతులమ్మ ఏమంటోంది?" అని అడిగింది. "నాకు చదువు రాదమ్మా. ఎవరన్నా చదివి చెప్తే బావుణ్ను. పొద్దుట్నుంచి ఏం రాసిందో ఏమో, ఒక్క ముక్క తెలియదు."

అక్క ఆవిడవైపు చూసింది, చెల్లెలి నోటివైపు చూసింది. పలక తుడిచింది. తొందర లేకుండా, రెండు వరసలు రాసి చెల్లెలి చేతిలో పెట్టింది. చదవమని గడ్డంతో సైగ చేసింది.

'అయితే ఇప్పుడేమంటావ్? మనింటికొస్తావా, రావా?'

పెద్దమ్మగారు కళ్ళు తుడుచుకుని చదివింది. అలవాటు కొద్దీ, ఆ గొంతులోనే వచ్చేసింది. గదిలో మిగతా మంచాల మీద తలలు లేచాయి. ఎవరో "అమ్మో, పెద్దమ్మగారు!" అన్నారు. ఆవిడ చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కట్టు కట్టుకున్న మనిషి ఎదుట, ఆ గొంతుతోటే.

టక్కున బలపం మంచం చట్రం మీద తగిలింది. అక్క పలక లాక్కుంది.

'తప్పు. నేను "ఏమంటావ్" దగ్గర సాగదీయను. "ఇప్పుడు" దగ్గర సాగదీస్తాను. పద్నాలుగేళ్ళుగా తప్పు చేస్తున్నావు.'

"అక్కా..."

'మళ్ళీ.'

మళ్ళీ అంది. టక్. 'ఆగడం ఎక్కువైంది. ఒక్క రెప్పపాటు.' మళ్ళీ అంది. టక్. 'తొందర.' నర్సు గుమ్మంలో నిలబడి చూస్తోంది. ముసలావిడ "ఇప్పుడు బాగుంది కదా, పాపం, వదిలెయ్యి" అంటోంది. అక్క వినలేదు.

నాలుగోసారి బలపం కదల్లేదు. బదులుగా అక్క పెదవులు కదిలాయి. "అయితే ఇప్పుడే..." చెల్లెలి గొంతూ అక్క పెదవులూ ఒక్కసారే, ఒకే ఊపులో వెళ్తున్నాయి. మాట ఇక్కడ పుడుతోంది, మూతి అక్కడ విచ్చుకుంటోంది. తను మాట్లాడుతోందో, అక్క మాట్లాడుతోందో తెలియక, పెద్దమ్మగారు మధ్యలో ఆగిపోయింది.

అక్క పెదవులు ఆగలేదు. చప్పుడు లేకుండా చివరిదాకా వెళ్ళాయి. మనింటికొస్తావా, రావా.

తర్వాత మూసుకుని, జవాబు కోసం చూస్తున్నాయి. అడగడమైతే ఇద్దరూ కలిసి అడిగారు. చెప్పాల్సింది ఒక్కతే.

"వస్తాను" అందావిడ. ఆ మాటకి ఎవరి గొంతూ అందలేదు. సన్నగా, ఎండిపోయి, గదిలో సగం దాకా కూడా వెళ్ళలేదు.

అక్క పలక తుడిచింది.

'గట్టిగా చెప్పు' అని రాసింది.